బిళ్ళ లేని గన్నేరు

మా మేనకోడలు మేదినికి పడవలసిన మూడో ఇంజెక్షన్ పడకపోవడానికి కారణం మందు దొరకకపోవడం కాదు, డాక్టరు లేకపోవడమూ కాదు. ఒక ఉపన్యాసం. అది కూడా సగం ఉపన్యాసం.

మేదినికి పదహారేళ్ళు. రక్త క్యాన్సరని తేలితే ప్రాంతీయ క్యాన్సర్ సంస్థలో చేర్చాం. ఆ సంస్థ ఏ ఊళ్ళో ఉందో చెప్పను. చెబితే మీ ఊరిది కాదని మీరు నిశ్చింతగా కూర్చుంటారు. మా బావ లారీ డ్రైవరు, ఎప్పుడూ ఏదో ఒక రాష్ట్రం అవతల ఉంటాడు. అందుకని హైస్కూల్లో తెలుగు మాస్టారినైన నేను సెలవు పెట్టి అక్కకు తోడుగా ఆసుపత్రిలో ఉన్నాను.

వారానికొకటి చొప్పున విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ నాలుగు వారాలివ్వాలన్నారు. రెండు వారాలిచ్చారు. పిల్ల జుట్టు ఊడిపోయింది గానీ జ్వరం పోయింది, మెడ పక్కన కట్టిన బిళ్ళలు అణిగాయి. "మందు బాగా పని చేస్తోంది. మధ్యలో మాత్రం ఆపకూడదు, ఆపితే జబ్బు మళ్ళీ లేస్తుంది" అంది డాక్టర్ షబానా. చిన్న వయసు, తక్కువ మాట్లాడే మనిషి. రోగుల దగ్గర ఆగి మరీ చూసే డాక్టరు ఆ వార్డులో ఆవిడొక్కతే.

సరిగ్గా ఆ వారమే సంస్థ డైరెక్టరు డాక్టర్ పరాంకుశరావు గారు మహానగరంలో ఒక సదస్సుకు వెళ్ళివచ్చారు. మొక్కల్లో ఉండే ఆల్కలాయిడ్లనే రసాయనాల మీద సదస్సు. అక్కడొక శాస్త్రవేత్త, మేదినికిస్తున్న మందు బిళ్ళగన్నేరు మొక్కలోంచి పుట్టిందని చెప్పాడట. అది నిజమే. ఉపన్యాసం రెండో సగంలో, బళ్ళకొద్దీ ఆకు ఎండబెట్టి, నానా అవస్థలూ పడి వేరుచేస్తే తప్ప చిటికెడు మందు రాదనీ, ఆకును ఉన్నపళంగా నూరి తాగితే ప్రమాదమనీ కూడా చెప్పాడట. అదీ నిజమే. కానీ రెండు సగాలకూ మధ్య భోజనాలు పెట్టారు. అక్కడి పనసకాయ బిర్యానీ బాగుందని మా డైరెక్టరు గారు ఇప్పటికీ చెబుతూ ఉంటారు.

తిరిగి వచ్చిన మర్నాడే ఆయన వార్డుకు దయచేశారు. వెనక పరిపాలనాధికారి కామరాజు గారు, ఆయన వెనక ఫోటోగ్రాఫరు. తిన్నగా మేదిని మంచం దగ్గర ఆగారు.

"అమ్మాయీ, నీకిచ్చే మందు ఎక్కడినుంచి వస్తుందో తెలుసా?"

"ఫ్రిజ్‌లోంచండి" అంది మేదిని.

"తప్పు! బిళ్ళగన్నేరులోంచి. గోడ పక్కన, మురుగుకాలవ గట్టున, నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా పూసే మొక్కలోంచి. దాన్ని మనం కంపెనీల దగ్గర చేతులు కట్టుకుని సీసాల్లో కొనుక్కుంటున్నాం. ఎంత పరాధీనత! ఈ రోజునుంచి ఈ సంస్థలో ఆ ఇంజెక్షన్ కొనుగోలు నిలిపివేయడమైనది."

ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. మా అక్క వైదేహి లేచి నిలబడింది.

"మరి బుధవారం పిల్లకి ఇంజెక్షనుందండీ?"

"ఇంజెక్షన్ అనే మాట మరిచిపోవాలి తల్లీ. మనం మూలానికి వెళుతున్నాం."

పక్క మంచం మీద నూకాలమ్మ అనే ముసలావిడ ఉంది. లంక గ్రామం, గ్రంథుల క్యాన్సరు, ఆవిడదీ ఇదే ఇంజెక్షను. కోడలు గంగాభవాని కాళ్ళు పడుతూ కూర్చుని తలెత్తింది. "మూలానికి ఎల్లి మళ్ళీ ఇటు వచ్చేతలికి ఎన్నాళ్ళవుద్దండి బాబూ?"

డైరెక్టరు గారు దయగా నవ్వి ముందుకు సాగారు. పెద్దవాళ్ళ నవ్వుకు అర్థం ఉండాలని నియమం లేదు.

సాయంత్రానికల్లా గోడ మీద ఉత్తర్వు అంటించారు. "బిళ్ళగన్నేరునందు క్యాన్సర్ నిరోధక సామర్థ్యము కలదని నిరూపితమైనందున, సదరు మొక్కలను సంస్థ ఆవరణమునందు విస్తృతముగా పెంచుటకై తగు చర్యలు గైకొనవలసినదిగా ఆదేశించడమైనది." చదివి నేను కొంచెం కలవరపడ్డాను. 'సామర్థ్యము కలదు' అన్న మాటతో నాకు పాత పరిచయం ఉంది. మా బడిలో ప్రోగ్రెస్ కార్డుల మీద రాయడానికి ఇంకేమీ దొరకని పిల్లలందరికీ నేను రాసేది అదే.

బుధవారం వచ్చింది, వెళ్ళింది. ఇంజెక్షన్ రాలేదు. బయట కొనుక్కొచ్చుకుంటామన్నాను. బయటి మందు వార్డులోకి రాకూడదన్నారు. వేరే ఆసుపత్రికి రాసిమ్మన్నాను. కామరాజు గారు నన్నొక పసివాణ్ణి చూసినట్టు చూశారు.

"మాస్టారూ, మన దగ్గర వైద్యం లేదనుకోండి, రిఫర్ చేస్తాం. ఉంది కదా."

"ఎక్కడుందండీ?"

"నాటబోతున్నాం."

కానీ నాటడం అంత తేలిక కాదు. మొక్కలు కొనడానికి ఉద్యానవన విభాగం పంపిన ఫైలును ఆడిట్ అధికారి వెనక్కి కొట్టాడు. అభ్యంతరం ఇలా ఉంది: "బిళ్ళలు ఔషధ విభాగమునకు చెందును. ఉద్యానవన విభాగమునకు బిళ్ళలను కొనుగోలు చేయు అధికారము లేదు." ఫైలు ఔషధ విభాగానికి వెళ్ళింది. మొక్కలు కొనే అధికారం మాకు లేదని వాళ్ళు రాశారు. ఫైలు అక్కడా ఇక్కడా తిరిగి తిరిగి, చివరికి అసలు 'బిళ్ళ' అంటే ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘం ఏర్పడింది. వార్డులో ఒక తెలుగు మాస్టారు ఊరికే కూర్చుని ఉన్నాడని ఎవరో చెప్పగా, నన్ను గౌరవ సభ్యుణ్ణి చేశారు.

నేను సంబరంగానే వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఆశతో వెళ్ళాను. ఈ ముడి విప్పితే మొక్కల గొడవ తేలిపోయి, ఆ మొక్కలతో పని జరగదని తెలిసొచ్చి, మళ్ళీ ఇంజెక్షన్లు కొంటారని నా ఆశ.

"బిళ్ళ అంటే చాలా అర్థాలున్నాయండీ" అని మొదలుపెట్టాను. "మందుబిళ్ళ ఉంది, సబ్బుబిళ్ళ ఉంది, పాపిట బిళ్ళ ఉంది, పిల్లలాడే గోటీబిళ్ళ ఉంది, మెడలో కట్టే బిళ్ళ ఉంది..."

"బిళ్ళ బంట్రోతు" అందించాడు ఆడిట్ అధికారి. "అది సిబ్బంది విభాగం కిందికొస్తుంది."

"చూశారా, సమస్య ఇంకా జటిలమవుతోంది" అన్నారు కామరాజు గారు.

"ఇక్కడ మాత్రం మందుబిళ్ళ కాదండీ. పువ్వు విప్పారితే గుండ్రంగా, చదునుగా బిళ్ళలా ఉంటుంది కదా, అందుకని ఆ పేరు వచ్చి ఉంటుంది."

"వచ్చి ఉంటుందా, వచ్చిందా?" అన్నాడు ఆడిట్ అధికారి. "ఆధారం జతపరచగలరా?"

ఒక పేరు ఎప్పుడు, ఎందుకు వచ్చిందో ధ్రువపత్రం తెమ్మంటే ఎక్కడి నుంచి తేను? ఇంతలో కామరాజు గారికి మెరుపులా ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వస్తే ముందు కళ్ళజోడు తీస్తారు.

"అభ్యంతరమంతా బిళ్ళ మీదే కదా. బిళ్ళ కొట్టేద్దాం. గన్నేరు ఉంచుదాం."

నేను కుర్చీలోంచి లేచాను. "అయ్యా, బిళ్ళ తీసేస్తే అది వేరే మొక్కండీ! బిళ్ళగన్నేరు వేరు, గన్నేరు వేరు. గన్నేరు విషం. మా వైపు పశువుల్ని కూడా దాని దరిదాపులకు పోనివ్వరు."

కామరాజు గారు ఓపికగా విన్నారు. "మాస్టారూ, నా పూర్తి పేరు వేంకట సత్య సూర్య కామరాజు. అందరూ కామరాజు అంటారు. ముందు ముక్కలు కొట్టేశారని నేను వేరే మనిషినైపోయానా?"

సభ్యులందరూ బల్లలు చరిచారు. నా అసమ్మతిని నమోదు చేయమన్నాను. చేశారు. "గౌరవ సభ్యులు మొక్కల పట్ల మమకారము వ్యక్తపరచిరి" అని రాసుకున్నారు.

నాలుగు రోజులు తిరక్కుండా లారీల్లో మొక్కలు దిగాయి. కాంట్రాక్టరు నికార్సయిన మనిషి, ఆర్డరులో ఏం రాసి ఉంటే అదే తెచ్చాడు. నిలువెత్తు గన్నేర్లు. సన్నగా పొడవాటి ఆకులు, గుత్తులు గుత్తులుగా గులాబీరంగు పూలు. దింపుతున్న కూలీలు పని అయ్యాక చేతులు రెండేసి సార్లు కడుక్కున్నారు. వాళ్ళు ఉత్తర్వు చదవలేదు మరి.

కిటికీలోంచి చూసి నూకాలమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఓలమ్మో, గన్నేరు తెచ్చారేంటే! మనల్ని సంపేద్దారనా?"

"ఊరుకో అత్తా, పెద్ద డాక్టర్లు, ఆళ్ళకి తెలీదేంటి" అంది గంగాభవాని. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో నమ్మకం లేదు. అయినా అంది. మనందరం అంటాం.

డాక్టర్ షబానా మాత్రం తిన్నగా డైరెక్టరు గదికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"సార్, ఇది బిళ్ళగన్నేరు కాదు. ఇందులో ఉన్నది గుండెను ఆపే విషం."

"డాక్టర్ షబానా, కీమో మందులన్నీ ఒక రకంగా విషాలేనని రోగులకు చెప్పేది మీరే కదా?"

"అది వేరు సార్..."

"ఇదీ విషమే అంటున్నారు. అంటే మనం సరైన దారిలోనే ఉన్నామన్నమాట. మీకు మొక్కల మీద ఇంత అవగాహన ఉందని నాకిప్పటిదాకా తెలియదు."

ఆ అవగాహనకు గుర్తింపుగా ఆమెను మర్నాడే వార్డు నుంచి తోటకు బదిలీ చేశారు. ఆ తరవాత సిస్టర్లలో సగం మందిని కూడా అక్కడికే పంపారు. ప్రతి మొక్కకూ ఒక నంబరు, ఒక కేసుషీటు. పొద్దున్నా సాయంత్రం ఆకుల పరిస్థితి రాయాలి. ఒకటి కాస్త వాడిందని సిస్టరు రాస్తే ముగ్గురు పెద్ద డాక్టర్లు పరిగెత్తుకుంటూ వచ్చి చూశారు. అదే రోజు మా వార్డులో మేదినికి జ్వరం వచ్చింది. పొద్దున్నించి పిలుస్తుంటే చీకటి పడే వేళకు ఒక సిస్టరు వచ్చి, "తోటలో డ్యూటీ అండీ, ఏమీ అనుకోకండి" అంటూ మాత్ర ఇచ్చి వెళ్ళింది.

మేదిని మెడ తడుముకుంది. "మళ్ళీ వస్తున్నాయి మామయ్యా" అంది. నేను చెయ్యి పెట్టి చూశాను. చర్మం కింద చిన్న చిన్న బిళ్ళలు తగిలాయి. అక్క అటు తిరిగి బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. అందులో సర్దడానికి ఏమీ లేదు. నాకు ఆ పూట వచ్చిన కోపం నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎవర్ని అడిగినా నవ్వుతూ, అండీ అండీ అంటూ, కుర్చీ వేసి మరీ మాట్లాడుతున్నారు.

ఆ సమయంలోనే ఒక మేక కంచె సందులోంచి తోటలోకి దూరింది. ఎవరిదో తెలియదు. గన్నేరు జోలికి పోకూడదని మేకలకు తెలుసంటారు. ఇది బహుశా సంస్థ గురించి పత్రికల్లో వచ్చిన వార్తలేవో నమిలి ఉంటుంది. రెండు రెమ్మలు తిని, ఎనిమిదో నంబరు మొక్క పక్కన పడి చచ్చిపోయింది.

ఇంక గుట్టు బయటపడింది, ఈ పిచ్చి ఆగుతుందనుకున్నాను. ఎంత తెలుగు మాస్టారినైనా ఇంత అమాయకుణ్ణని నాకు తెలియదు. మేకకు పోస్టుమార్టం జరిపించారు. దాని వొంట్లో ఎక్కడా క్యాన్సర్ కనిపించలేదు. డైరెక్టరు గారు పత్రికల వాళ్ళను పిలిపించారు.

"గన్నేరు సేవించిన జీవిలో క్యాన్సర్ ఆనవాళ్ళు నూటికి నూరు పాళ్ళూ లేవు. జంతు ప్రయోగ దశ విజయవంతంగా ముగిసినదని ప్రకటించడానికి ఆనందిస్తున్నాను."

"మేక చచ్చిపోయింది కదండీ?" అని ఒక విలేఖరి అడిగాడు.

"క్యాన్సరుతో కాదు" అన్నారు డైరెక్టరు గారు.

విలేఖరి రాసుకున్నాడు.

జంతువుల దశ అయితే తరవాత వచ్చేది మనుషుల దశ. గన్నేరాకు కషాయం కాచి సోమవారం నాడు రోగులకు ఇస్తారనీ, సంస్థ చైర్మన్ గారు స్వయంగా ప్రారంభిస్తారనీ, మొట్టమొదటి గ్లాసు వార్డులో అందరికన్నా చిన్నదైన మేదినికి ఇస్తారనీ కబురొచ్చింది. పిల్ల ఫోటోలో బాగుంటుందని కామరాజు గారి అభిప్రాయం. జుట్టు లేకపోవడం వల్ల ఇంకా బాగుంటుందట. పిల్లను రాత్రికి రాత్రి తీసుకుపోదామంటే, డిశ్చార్జి కాగితం లేకుండా ఏ రోగినీ గేటు దాటనివ్వొద్దని గార్డులకు ఆదేశం ఉంది.

నేను డైరెక్టరు గది ముందు పొద్దున్నించి నిలబడ్డాను. లోపలికి రానిచ్చాక చేతులు జోడించాను. నాకు సిగ్గేం లేదు. పిల్ల కోసం కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకునేవాణ్ణి.

"అయ్యా, అది గన్నేరండీ. తాగితే చచ్చిపోతుంది."

"మాస్టారూ" అన్నారాయన మెల్లగా, "ఇంత దూరం వచ్చాక మొక్క తప్పని రాయాలంటే ఏ ఫైల్లో రాయమంటారు? ఆ ఫైలే లేదు."

సోమవారం తోట ముందు షామియానా వేశారు. చైర్మన్ గారు వచ్చారు. ఆయనది పొగాకు వ్యాపారం. క్యాన్సర్ సంస్థకు చైర్మనయ్యే అర్హత ఆయనకేముందని వెనక ఎవరో గొణిగారు గానీ, డైరెక్టరు గారు తన ప్రసంగంలో ఆ సందేహం తీర్చేశారు. "పొగాకులో ఉండేది కూడా మొక్కల ఆల్కలాయిడే. ఆ విధంగా చూస్తే, ఆల్కలాయిడ్లను ఇంటింటికీ చేర్చడంలో మన చైర్మన్ గారిది ముప్పై ఏళ్ళ అనుభవం." చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా చైర్మన్ గారే కొట్టారు.

ప్రొటోకాల్ ప్రకారం తొలి గ్లాసు చైర్మన్ గారికి, వెండిది. ఆయన అందుకుని, వాసన చూసి, పక్కకు వంగారు.

"ఇదేం ఆకయ్యా?"

"గన్నేరండి" అన్నారు కామరాజు గారు.

వెండి గ్లాసు ఎంత నెమ్మదిగా పైకి వెళ్ళిందో అంతకన్నా నెమ్మదిగా కిందికి దిగింది. చైర్మన్ గారిది పల్లెటూరే. "నాకు షుగరుందయ్యా."

"పంచదార వెయ్యలేదండి."

"అది కాదు. నేను రోగిని కాదు కదా. రోగి నోటి దగ్గర గ్లాసు నేను లాక్కోవడం న్యాయమేనా? పేదల కడుపు కొట్టడం నా వల్ల కాదు." గ్లాసు కామరాజు గారి చేతిలో పెట్టేశారు కూడా. మళ్ళీ చప్పట్లు.

ఆ గ్లాసే చక్రాల కుర్చీలో ఉన్న మేదిని చేతికి వచ్చింది. అక్క కేక పెట్టింది. నేను ముందుకు దూకాను. ఇద్దరు గార్డులు నా చెరో రెక్కా పట్టుకున్నారు, చాలా మర్యాదగా. తోట గట్టున నీళ్ళ డబ్బాతో నిలబడ్డ షబానా డబ్బా పడేసి పరిగెత్తుకొస్తోంది. ఆమెనూ ఆపారు. ఫోటోగ్రాఫరు ఒంటి మోకాలి మీద కూర్చుని, "పాపా, కొంచెం నవ్వమ్మా" అన్నాడు.

మేదిని గ్లాసు ఒళ్ళో పెట్టుకుని డైరెక్టరు గారి వైపు చూసింది.

"సార్, ఒక్క మాట అడగొచ్చా? దీనికి క్యాన్సర్ తగ్గించే సామర్థ్యం ఉందన్నారు. ఎవరికైనా తగ్గించిందా?"

"తగ్గించనవసరం లేదమ్మా" అన్నారాయన గర్వంగా. "శాస్త్రంలో సామర్థ్యమే ముఖ్యం. సామర్థ్యం ఉంటే ఉన్నట్టే లెక్క."

"అయితే నాకు దీన్ని తాగే సామర్థ్యం ఉంది సార్. నోరుంది, గొంతుంది. తాగినట్టే లెక్క. రాసుకోండి."

డైరెక్టరు గారు కామరాజు గారి వంక చూశారు. కామరాజు గారు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "నియమావళి ప్రకారం అభ్యంతరం కనపడదండీ. సామర్థ్యం విషయంలో మొక్కకొక న్యాయం, రోగికొక న్యాయం ఉండకూడదు."

అప్పుడు చూశాను పరాంకుశరావు గారి ముఖం. కోపం లేదు, అవమానం లేదు. ఊరట. నుదుటి మీద చెమట తుడుచుకుని, నిండా ఊపిరి పీల్చుకున్నారు. ఆయనకు తెలుసు! మొదటి లారీ దిగిన రోజు నుంచీ తెలుసు. కామరాజుకు తెలుసు, ఆడిట్ వాడికి తెలుసు, చైర్మన్‌కు వాసన చూడగానే తెలుసు. తెలిసే ఆ గ్లాసు మా పిల్ల చేతికిచ్చారు. తెలియక చేస్తున్నారనుకుని నేనిన్నాళ్ళూ చేతులు జోడిస్తూ తిరిగాను. మనుషుల్ని ఇంతగా అసహ్యించుకోగలనని నేనెప్పుడూ అనుకోలేదు.

దారి దొరికాక ఎవరాగుతారు? నూకాలమ్మ చెయ్యెత్తింది. "నాకూ ఉందయ్యా సావర్థ్యం! రాసుకో!" వరసగా రోగులందరూ తమ సామర్థ్యం ప్రకటించారు. కషాయం మొత్తం కాలవలో పారబోసి, మొత్తం సేవించబడినదని నమోదు చేశారు. చైర్మన్ గారు వెండి గ్లాసు కారులో పెట్టించుకుని వెళ్ళారు.

అక్కడితో బతికిపోయాం అనుకున్నాం. మూడు రోజులకు ఫలితాలు ప్రకటించారు. కషాయానికి నయం చేసే సామర్థ్యం ఉంది, రోగులకు తాగే సామర్థ్యం ఉంది, కనుక రోగులకు నయమయ్యే సామర్థ్యమూ కలదు. ఉంటే ఉన్నట్టే లెక్క. వార్డు మొత్తం నయమైపోయింది.

"శుభాకాంక్షలు మాస్టారూ" అంటూ కామరాజు గారు డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టారు. "వ్యాధి సంపూర్ణముగా నయమైనది" అని ఉంది.

"పిల్లకి జ్వరం నూట రెండుందండీ" అంది అక్క.

"ఉండొచ్చమ్మా. ఆరోగ్యవంతులకు మాత్రం జ్వరం రాదా? మంచం ఖాళీ చెయ్యండి. నయమైనవాళ్ళు మంచం పట్టుకుని కూర్చుంటే నిజమైన రోగులేమైపోవాలి?"

గేటు దగ్గర షబానా మమ్మల్ని ఆపింది. చేతులు మట్టి కొట్టుకుని ఉన్నాయి. మేదిని పాత రక్తపు రిపోర్టులన్నీ కవర్లో పెట్టి అక్కకిచ్చి, పక్క జిల్లాలో ఒక ట్రస్టు ఆసుపత్రి పేరు చెప్పింది. "ఇప్పుడే బయలుదేరండి. రేపు అనుకోకండి" అంది. ఆ తరవాత నోరు తెరిస్తే ఏడుస్తానని భయపడిందో ఏమో, వెనక్కి తిరిగి గబగబా వెళ్ళిపోయింది.

ఆ ఆసుపత్రి పాతది. గోడలకు సున్నం పెచ్చులూడుతోంది, ముందు వసారాలో జనం కింద కూర్చుని ఉన్నారు. తోట లేదు. పెద్ద వయసు డాక్టరమ్మ మా డిశ్చార్జి కాగితం చదివింది. మేదిని మెడ తడిమింది. కాగితం మడిచి టీ గ్లాసు కింద పెట్టి, "రక్తం తియ్యండి" అంది సిస్టరుతో. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. మధ్యలో ఆపడం వల్ల జబ్బు మళ్ళీ లేచిందట. మొదటినుంచి మొదలుపెట్టాలి, ఈసారి మందులు ఇంకాస్త గట్టిగా ఇవ్వాలి. తగ్గుతుందా అంటే తప్పకుండా తగ్గుతుందని ఆమె అనలేదు. ప్రయత్నిస్తామంది. ఆ మాట విని నాకు ఎందుకో ధైర్యం వచ్చింది. ఇన్ని వారాల్లో షబానా కాక మరో డాక్టరు నోట విన్న మొదటి తెలుగు మాట అదేననిపించింది.

మధ్యాహ్నం సిస్టరు వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుంది, పేరు అడిగింది, సంచీ మీది పేరుతో సరిచూసుకుంది, మందు ఎక్కించింది. దీపం లేదు, ప్రసంగం లేదు, ఫోటో లేదు. అక్క ఆ చుక్కల వంకే చూస్తూ, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది.

"సిస్టర్, ఇది ఏ మొక్కలోంచి వస్తుందో మీకు తెలుసా?" అనడిగింది మేదిని.

"మొక్కేంటమ్మా? ఇది మందు. కంపెనీ నుంచి వస్తది. చెయ్యి కదపకు, అక్కడ మంటగా అనిపిస్తే ఎంటనే నన్ను పిలు." అని చెప్పి సిస్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

అప్పుడే నా ఫోను మోగింది. గంగాభవాని. బస్టాండు నుంచి చేస్తోంది, వెనక హారన్లు మోగుతున్నాయి. "మేస్టారండీ, మా అత్తకీ నయమైపోయిందని రాసిచ్చేసి బయటికి పంపేశారండి. మెడ ఇంత లావయిపోయిందండి. ఇంటికెల్లిపోదామంటే మా అత్త ఒప్పుకోట్లేదు, ఎక్కడికెల్లాలో నాకు తెలీట్లేదండి. మీరెక్కడున్నారండి? ఆ ఊళ్ళో డాక్టర్లు బాగా సదువుకున్నోళ్ళేనా?"

నేను జవాబు చెప్పేలోగా మేదిని మందెక్కని చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"పిన్నీ, నేను మేదినిని. బామ్మని తీసుకుని మొదటి బస్సుకే ఇక్కడికి వచ్చెయ్యండి. ఏం భయం లేదు. ఇక్కడ ఎవరికీ మొక్కల గురించి ఏమీ తెలీదు."